ఏడో కండె

తెల్లవారుజాము మూడూ పది. బలారట్‌లో జూలై.
ఫోన్ మోగితే లేచి, కారు అద్దం మీది మంచు గోకి వచ్చిన వేళ్ళు
ఇంకా కీబోర్డు మాట వినడం లేదు.
తెర మీద ఎర్రగా ఒకే వాక్యం,
ఎంత తుడిచినా మళ్ళీ పైకి తేలుతుంది:
స్పూల్ తొంభై ఒక్క శాతం.

మా చీరాల వైపు దీన్ని కండె అంటారు.
నేసేవాళ్ళ చేతికి అందేదాకా
నూలు ఓపిగ్గా చుట్టుకుని కూర్చునే చోటు.
ఇక్కడ నూలు లేదు. నీటి బిల్లులు, జీతాల చీటీలు,
ఎవరో పరీక్షకని తోసేసి మరిచిన రిపోర్టులు,
ప్రింటర్ పిలుపు కోసం
రేషన్ షాపు ముందు వరసలో పెట్టిన సంచుల్లా.

ముందు దొంగని పట్టాలి.
పేరు చూస్తే పెద్దమనిషి జాబే,
అర్ధరాత్రి నుంచి ఒకే లైను రాస్తోంది
నలభై లక్షల సార్లు:
రికార్డు దొరకలేదు, రికార్డు దొరకలేదు.
ఇంత ఏడుపు దాచడానికి
మా డిస్కులు చాలవు నాయనా.
క్యాన్సిల్. పర్జ్.
అరవై మూడు శాతం.
టీ పెట్టుకున్నాను.

వచ్చిన పని అయిపోయింది. కానీ ఏడో వాల్యూమ్ ఉంది.
శుక్రవారం ఆ పాత డిస్కు పెట్టెని లారీ ఎక్కించాలి.
డ్రెయిన్ అంటే తోడి పారబోయడం కాదని
నాకు నేర్పింది క్లైవ్ ట్రెలోర్.
"తలుపు మీద చోటు లేదని రాసిపెట్టు,
లోపలున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లేస్తారు. కూర్చో."

కూర్చున్నాను. పద్దెనిమిది రోజులు.
ఒక్కొక్కరే లేచిపోయారు.
అయినా డ్రెయినింగ్, డ్రెయినింగ్,
ఆ మాటకి తోక ఊడదు.

ఎవరున్నారు లోపల?
ఒకే ఒక్క జాబ్. సొంతదారు నోరీన్ పాస్కో.
హోల్డ్‌లో పద్నాలుగేళ్ళు.
ఈలోగా మిషన్లు రెండు మారాయి,
సామాన్లతో పాటు దీన్నీ మోసుకొచ్చారు
ఎవరూ మూట విప్పకుండా.

నేను విప్పాను.
రెండు వేల మూడు వందల ఆరు ఉత్తరాలు.
డవ్‌టన్ వీధి, ఎనభై ఒకటో నంబరు ఇంటివారికి:
చెరువు అడుగు తేలింది.
ఒకటో తారీఖు నుంచి తోటకి నీళ్ళు పెట్టరాదు.
కారు కడగరాదు.
స్నానం నాలుగు నిమిషాలు.

పొద్దున క్లైవ్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు, దగ్గాడు.
"ఆ శుక్రవారమా! కాగితం ఎక్కించాం, మీట నొక్కబోతున్నాం,
రేకుల మీద వాన. ప్రింటర్ అలారం కూడా వినపడనంత వాన.
నోరీన్ బయటికెళ్ళి తడిసి వచ్చి,
ఆపు, కానీ చెరపకు, అంది.
ఆకాశం మాట ఎవరు నమ్ముతారు?"

తర్వాత చెరువు నిండింది. పడవలు తిరిగాయి.
నోరీన్ పెర్త్ వెళ్ళిపోయింది.
వదలమని చెప్పినవాళ్ళు లేరు, తీసేయమన్నవాళ్ళూ లేరు.

నీటి ఆఫీసు కుర్రాడు ఒక్క ముక్కలో జవాబిచ్చాడు:
"ఏ ఉత్తరాలు?"

అదే అనుమతి అనుకుని
పర్జ్ కొట్టాను.
రెప్ప వేసేలోపు తోక ఊడింది.
డ్రెయిన్డ్.
ఆ తర్వాత జాబితాలో ఆరు తర్వాత ఎనిమిది.

తొమ్మిదింటికి ఇల్లు చేరాను.
పెరట్లో గడ్డి గడ్డిలా లేదు, చాపలా ఉంది.
ఈ ఏడు చలే గాని చినుకు లేదు.
వేడినీళ్ళ కింద నిలబడితే
వేళ్ళు అప్పుడు మాట విన్నాయి.
బాత్రూములో గడియారం లేదు.
ఒకటి, రెండు, మూడు, పైకే లెక్కపెట్టి
రెండు వందల నలభై దగ్గర
కుళాయి కట్టేశాను,
తలకి ఇంకా నురగ ఉండగానే.